తప్పిన మెట్లు: విషయసూచిక చరిత్రలో ఒక పాత చిక్కు

పుస్తకానికి ముందు భాగంలో కనిపించే విషయసూచిక నిజానికి పుస్తకమంతా పూర్తయ్యాక తయారయ్యేది. రచయిత ఎక్కడెక్కడ ఏ శీర్షిక పెట్టాడో, వాటిలో ఏది దేనికి లోబడినదో తేలిన తరవాతగాని అది కుదురుకోదు. భాగం కింద అధ్యాయం, అధ్యాయం కింద ప్రకరణం, ప్రకరణం కింద ఉపప్రకరణం అన్న వరస సవ్యంగా సాగినంతకాలం సూచిక కట్టడం గుమాస్తా పని. అధ్యాయం తరవాత ప్రకరణమంటూ లేకుండా నేరుగా ఉపప్రకరణం వచ్చినప్పుడో, మొదటి అధ్యాయం మొదలుకాకముందే ఒక చిన్న శీర్షిక ఒంటరిగా నిలబడినప్పుడో మాత్రం సూచిక కట్టేవాడు రచయిత మనసులోని మాటను ఊహించవలసి వస్తుంది. ఈ ఊహను యంత్రానికి నేర్పడానికి గత అర్ధశతాబ్దంలో పలు ప్రయత్నాలు జరిగాయి. ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ అనే భాషలో ఆ ప్రయత్నపు ఎముకలన్నీ పైకి కనిపిస్తాయి. చిక్కు మాత్రం యంత్రాలకన్నా చాలా పాతది.

రోమన్ పండితుడు పెద్ద ప్లినీ తన ‘ప్రకృతి చరిత్ర’ను క్రీ.శ. 77లో, అప్పటికింకా చక్రవర్తి కాని టైటస్‌కు అంకితమిచ్చాడు. 37 పుస్తకాల ఆ గ్రంథంలో మొదటి పుస్తకం యావత్తూ విషయసూచికే. ఏ పుస్తకంలో ఏయే సంగతులు ఉన్నాయో, వాటికి ఏయే గ్రంథకర్తలు ఆధారమో అందులో వరసగా రాశాడు. రాజ్యభారం మోసేవాడు అంతా చదవనక్కరలేకుండా, తనకు కావలసినది ఎక్కడ ఉందో చూసుకోవడానికే దాన్ని జతచేశానని ముందుమాటలో చెప్పి, లాటిన్‌లో తనకన్నా ముందు వలేరియస్ సొరానస్ అనేవాడు ఈ పని చేశాడని కూడా ఒప్పుకున్నాడు. ఆ సూచికలో ఉన్నవి రెండే మెట్లు: పుస్తకం, దాని కింద విషయం. గ్రంథం చుట్టలుగా, అంటే పొడవాటి పట్టీని చుట్టిపెట్టిన రూపంలో ఉన్న కాలమది కాబట్టి పుటసంఖ్య అన్న మాటే లేదు; సూచిక ఏ చుట్ట విప్పాలో చెప్పగలదు గాని చుట్టలో ఎంత దూరం విప్పాలో చెప్పలేదు. రెండో శతాబ్దంలో ఆలస్ గెల్లియస్ ‘ఎథెన్సు రాత్రులు’ అనే తన 20 పుస్తకాల సంకలనానికి అధ్యాయాల సారాంశాలన్నింటినీ ముందుమాట చివర కుప్పగా పెట్టడంలోనూ ఇదే తీరు కనిపిస్తుంది.

భారతదేశంలో సూచికకు మరో ప్రయోజనం ఉండేది. సంస్కృత మహాభారతపు ఆదిపర్వం అనుక్రమణికా పర్వంతో, పర్వసంగ్రహ పర్వంతో మొదలవుతుంది. రెండోది నూరు ఉపపర్వాలను పేరుపేరునా చెప్పి, పద్దెనిమిది పర్వాల్లో ఒక్కొక్కదానికి ఎన్ని అధ్యాయాలో, ఎన్ని శ్లోకాలో లెక్క కడుతుంది. వెతుక్కోవడం సులువు చేయడంతోపాటు, నోటి నుంచి నోటికీ తాటాకు నుంచి తాటాకుకూ పోతున్న గ్రంథంలో ఏదైనా జారిపోతే పసిగట్టడానికి కూడా ఆ లెక్క పనికొస్తుంది. కాత్యాయనుడి పేరుమీద ఉన్న ‘సర్వానుక్రమణి’ ఋగ్వేదంలోని ప్రతి సూక్తానికీ మొదటి పదాలు, ఋక్కుల సంఖ్య, ఋషి, దేవత, ఛందస్సు ఇవ్వడం వెనకా ఇటువంటి కాపలా ఉంది. ఋగ్వేదాన్ని విభజించే పద్ధతులు రెండు కావడం ఇక్కడ గమనించదగినది. ఒకటి మండలం, అనువాకం, సూక్తం అన్న వరస. మరొకటి అష్టకం, అధ్యాయం, వర్గం అన్న వరస. మొదటిదానిలో పది మండలాలు, రెండోదానిలో ఎనిమిది అష్టకాలు, అరవైనాలుగు అధ్యాయాలు. ఒకటి సంకలనపు కూర్పును బట్టి, మరొకటి వల్లెవేసే పాఠపు పరిమాణాన్ని బట్టి పుట్టినవి. ఒకే గ్రంథానికి ఒకదానితో ఒకటి సరితూగని రెండు చెట్లు ఉండవచ్చునన్న సంగతి కంప్యూటరు శాస్త్రజ్ఞులకు ఇరవయ్యో శతాబ్దపు చివరిలో పెద్ద సమస్యగా తోచింది. వేదపాఠకులకు అది నిత్యవ్యవహారం.

చుట్టల స్థానంలో కుట్టిన పుస్తకం రావడం, పన్నెండో శతాబ్దంలో పీటర్ లొంబార్డ్ వంటి మతాచార్యులు అధ్యాయాల పేర్లను గ్రంథానికి ముందుంచడం, పదమూడో శతాబ్దం తొలినాళ్లలో స్టీఫెన్ లాంగ్టన్ చేశాడని చెప్పే బైబిలు అధ్యాయ విభజన, 1470లో కొలోన్ నగరపు ముద్రాపకుడు ఆర్నోల్డ్ థెర్‌హూర్నెన్ ఆకులకు అంకెలు అచ్చువేయడం ఈ కథలో తరవాతి మజిలీలు. వీటితో సూచికకు చిరునామా దొరికింది గాని లోతు పెరగలేదు. లోతు పెరగడానికి పదహారో శతాబ్దపు ఫ్రెంచి తార్కికుడు పీటర్ రేమస్ కారణం. ప్రతి విషయాన్నీ రెండుగా, ఆ రెండింటినీ మళ్లీ రెండేసిగా చీల్చి, మీసాల బ్రాకెట్లతో పుటంతా కొమ్మలుగా పరిచే పద్ధతి అతని శిష్యపరంపర ద్వారా యూరప్ అంతా పాకింది. 1621లో వెలువడిన రాబర్ట్ బర్టన్ ‘విషాద విశ్లేషణ’ ఈ పిచ్చికి పరాకాష్ఠ. భాగం, విభాగం, అంగం, ఉపవిభాగం అంటూ నాలుగు మెట్లు ఏర్పరచి, ప్రతి భాగానికీ ముందు బ్రాకెట్ల పటం పెట్టిన ఆ రచయిత, లోపల మాత్రం మనసు పోయిన దారినల్లా పోయాడు. పటంలో క్రమం, పాఠంలో అక్రమం.

మెట్టు తప్పడానికి అన్నింటికన్నా ప్రసిద్ధమైన ఉదాహరణ 1921లో అచ్చయిన, తత్వవేత్త విట్‌గెన్‌స్టైన్ రాసిన ‘ట్రాక్టేటస్’. ఆ చిన్న పుస్తకంలో ప్రధాన వాక్యాలు ఏడే. మిగిలినవన్నీ వాటికి వ్యాఖ్యలు, వ్యాఖ్యలకు వ్యాఖ్యలు. ఏ వాక్యం దేనికి లోబడినదో దశాంశ సంఖ్యలు చెబుతాయని, 1.1, 1.2 వంటివి 1వ వాక్యానికి వ్యాఖ్యలని రచయిత పుస్తకం మొదట్లోనే అడుగున వివరించాడు. ఆ లెక్కన 2 తరవాత 2.1 రావాలి. కాని పుస్తకంలో 2 తరవాత వచ్చేది 2.01, ఆ వెంట 2.011, 2.012, 2.0121 అంటూ సాగి చాలాసేపటికి గాని 2.1 కనిపించదు. రచయిత చెప్పిన నియమం ప్రకారం 2.01 అన్నది 2.0కు వ్యాఖ్య కావాలి, అయితే 2.0 అనే వాక్యం పుస్తకంలో ఎక్కడా లేదు. ఉన్న మెట్టుకు పేరుంది, లేని మెట్టుకు సున్నా ఉంది. 2.01ను 2కు నేరుగా బిడ్డగా చూపాలా, మధ్యలో ఒక ఖాళీ మెట్టు ఉంచి మనవడిగా చూపాలా అన్నది సూచిక కట్టేవాడికి వదిలేసిన ప్రశ్న.

కంప్యూటరు ఈ ప్రశ్నను వారసత్వంగా అందుకుంది. 1969లో ఐబీఎం సంస్థలో చార్లెస్ గోల్డ్‌ఫార్బ్, ఎడ్వర్డ్ మోషర్, రేమండ్ లోరీ కలిసి రూపొందించిన, తమ ఇంటిపేర్ల మొదటి అక్షరాలు కలిసొచ్చేలా జీఎంఎల్ అని పేరు పెట్టిన పద్ధతి, పాఠంలో ‘ఇక్కడ పెద్ద అక్షరాలు’ అని రాసే బదులు ‘ఇది శీర్షిక’ అని రాయమంది. ఇటువంటి గుర్తును ట్యాగు అని, పాఠానికి ట్యాగులు తగిలించడాన్ని మార్కప్ అని అంటారు. ఐబీఎం అందించిన ట్యాగుల ప్రాథమిక సమితిలో శీర్షికలకు హెచ్0 నుంచి హెచ్6 వరకు అంకెలుండేవి. అంకె పెరిగేకొద్దీ శీర్షిక హోదా తగ్గుతుంది. జీఎంఎల్ 1986లో ఎస్‌జీఎంఎల్ పేరుతో అంతర్జాతీయ ప్రమాణమైంది. డొనాల్డ్ క్నూత్ రూపొందించిన టెక్ అనే అక్షరకూర్పు వ్యవస్థ మీద ఇదే దశకంలో లెస్లీ లాంపోర్ట్ లాటెక్‌ను కట్టాడు. లాటెక్ ఒకసారి పత్రాన్ని కూర్చేటప్పుడు ఎదురైన శీర్షికలను వేరే ఫైలులో రాసిపెట్టుకొని, రెండోసారి కూర్చేటప్పుడు ఆ ఫైలును చదివి సూచిక అచ్చువేస్తుంది. సూచిక పుస్తకం పూర్తయ్యాకే పుడుతుందన్న పాత నిజం ఇక్కడ యంత్రపు నడకలోనే ఉంది. లాటెక్‌లో ప్రకరణం తరవాత ఉపప్రకరణాన్ని దాటవేసి నేరుగా దాని కింది మెట్టుకు దిగితే, వచ్చే సంఖ్య 1.0.1. విట్‌గెన్‌స్టైన్ కావాలని పెట్టిన సున్నాను ఈ యంత్రం లెక్క తప్పకుండా తనంతట తానే పెట్టింది.

వెబ్ పుటలు రాసే భాష హెచ్‌టీఎంఎల్ 1991లో జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధనశాలలో రూపుదిద్దుకున్నప్పుడు శీర్షికలకు హెచ్1 నుంచి హెచ్6 వరకు ఆరు ట్యాగులు నిర్ణయించారు. ఇవి పెట్టెలు కావు, జెండాలు. హెచ్2 అన్న ట్యాగు తన పరిధిలో శీర్షిక మాటలను మాత్రమే ఉంచుకుంటుంది. ఆ శీర్షిక కింద వచ్చే పేరాలు దాని లోపల ఉండవు, దాని పక్కన నిలుస్తాయి. పత్రం మొత్తం ఒకే వరసలో నిలబడిన మనుషులలాంటిది: కొందరి చేతుల్లో జెండాలుంటాయి, మిగిలినవారు ఏ జెండాకు చెందినవారో చూసేవాడే తేల్చుకోవాలి. సృష్టికర్త టిమ్ బెర్నర్స్-లీకే ఈ ఏర్పాటు పూర్తిగా రుచించలేదు. ఒకదానిలో ఒకటి ఒదిగే ‘సెక్షన్’ పెట్టెలు, వాటిలో అంకె లేని ఒకే రకం శీర్షిక ఉంటే మేలని, ఎంత లోతున ఉన్న పెట్టెలో ఉందన్నదాన్ని బట్టి శీర్షిక హోదా దానంతట అదే తేలుతుందని ఆయన 1991 అక్టోబరులోనే రాశాడు. ఆ మాట అప్పుడు నెగ్గలేదు. 1995 నవంబరులో వెలువడిన హెచ్‌టీఎంఎల్ 2.0 నిర్దేశం శీర్షికల వరసను తన నియమాలు కట్టడి చేయవని ఒప్పుకుంటూనే, హెచ్1 నుంచి హెచ్3కి దూకడం వంటివి చేయరాదని, అటువంటి పత్రాలను వేరే రూపాల్లోకి మార్చడం తరచూ చిక్కులు తెస్తుందని హెచ్చరించింది. హెచ్చరిక వినబడినట్టు లేదు. అక్షరాల అందాన్ని విడిగా నిర్ణయించే సీఎస్‌ఎస్ 1996 చివరికిగాని రాలేదు కాబట్టి, హెచ్2 మరీ పెద్దగా కనిపిస్తోందని హెచ్3 వాడటం, చిన్న అక్షరాల కోసం హెచ్5 వాడటం పుట తయారుచేసేవారికి అలవాటైపోయింది. హోదా చెప్పవలసిన అంకె అక్షరాల సైజు చెప్పే అంకెగా మారిపోవడమే మెట్లు తప్పడానికి అసలు కారణం. ఇందులో తప్పు వాడినవారిదన్నది సగం నిజమే: రెండు పనులకు ఒకే పనిముట్టు ఇచ్చిన ఏర్పాటుకూ అందులో వాటా ఉంది.

పుస్తకాల లోకం కొంత జాగ్రత్తపడింది. ప్రాచీన గ్రంథాలను కంప్యూటరులోకి ఎక్కించే పండితుల కోసం 1987లో మొదలైన టీఈఐ, సాంకేతిక పుస్తకాల కోసం 1991లో మొదలైన డాక్‌బుక్ రెండూ పెట్టెల పద్ధతినే ఎంచుకున్నాయి. అయినా రెండూ అంకె ఉన్న పెట్టెలను, అంకె లేకుండా ఎంత లోతుకైనా ఒదిగే పెట్టెలను పక్కపక్కనే ఉంచాయి. పెట్టెలున్న పత్రానికి సూచిక కట్టడం కష్టమేమీ కాదు. పెట్టె లోపలి పెట్టెను చూస్తూ దిగితే చాలు. జెండాల వరసను పెట్టెలుగా మార్చడమే అసలు విద్య, ఆ విద్యకు ప్రధాన పనిముట్టు ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ.

ఎస్‌జీఎంఎల్‌ను సరళం చేసిన ఎక్స్‌ఎంఎల్ 1998 ఫిబ్రవరిలోను, ఎక్స్‌ఎంఎల్ పత్రాన్ని వేరే పత్రంగా మార్చే ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ 1.0 జేమ్స్ క్లార్క్ సంపాదకత్వంలో 1999 నవంబరు 16న వెలువడ్డాయి. ఈ భాష పత్రాన్ని అక్షరాల వరసగా చూడదు, కొమ్మలున్న చెట్టుగా చూస్తుంది. ‘ఇటువంటి కొమ్మ ఎదురైతే ఇలా రాయి’ అనే టెంప్లేట్ల సమాహారమే ఇందులోని ప్రోగ్రాము. ఒకసారి పేరు పెట్టిన విలువ మళ్లీ మారకపోవడం దీని ప్రత్యేక లక్షణం. మామూలు భాషలో సూచిక కట్టేవాడు ‘ఇప్పుడు ఎన్నో మెట్టు మీద ఉన్నాను’ అన్న అంకెను జేబులో పెట్టుకొని, శీర్షిక ఎదురైనప్పుడల్లా దాన్ని మార్చుకుంటూ వరస వెంట నడుస్తాడు. ఎక్స్‌ఎస్‌ఎల్‌టీలో ఆ జేబు లేదు. అందువల్ల ప్రశ్నను తిరగేయవలసి వచ్చింది: నడిచేవాడు ఎక్కడున్నాడని అడిగే బదులు, ప్రతి శీర్షికనూ ‘నీ తల్లి ఎవరు’ అని అడగాలి.

దానికి దొరికిన జవాబు చిన్నది. ఏ శీర్షికకైనా, దానికి ముందు వచ్చినవాటిలో దానికన్నా తక్కువ అంకె, అంటే ఎక్కువ హోదా, ఉన్న అన్నింటికన్నా దగ్గరి శీర్షికే తల్లి. వ్యవసాయం మీద ఒక చేతిపుస్తకంలో శీర్షికలు ఇలా ఉన్నాయనుకోవచ్చు: ‘వరి సాగు’ 1, ‘విత్తనశుద్ధి’ 3, ‘నారుమడి’ 3, ‘ఎరువులు’ 2, ‘జింకు లోపం’ 4, ‘కోత’ 1. విత్తనశుద్ధి వెనక్కి చూస్తే వరి సాగు కనిపిస్తుంది. నారుమడి వెనక్కి చూస్తే ముందు విత్తనశుద్ధి తగులుతుంది గాని అది తనతో సమాన హోదాది కాబట్టి దాన్ని దాటి వరి సాగును చేరుతుంది. ఎరువులు రెండు మూళ్లనూ దాటి అక్కడికే చేరుతుంది. జింకు లోపానికి ఎరువులు తల్లి. కోతకు తల్లి లేదు కాబట్టి అది సూచికలో పై వరసలో నిలుస్తుంది. ఎరువులకన్నా తక్కువ హోదా ఉన్న విత్తనశుద్ధి ఈ లెక్కలో దాని పక్కనే, అదే అంచులో నిలబడుతుంది. ఇది అన్యాయమని అనిపించవచ్చు. రచయిత ఇవ్వని మెట్టును కల్పించి విత్తనశుద్ధిని దాని కిందకు తోయడంకన్నా ఇది తక్కువ అన్యాయం. శీర్షికకున్న అంకెను సంపూర్ణమైన లోతుగా కాక పక్కవాటితో పోల్చుకునే హోదాగా చదవడమే ఈ పద్ధతిలోని కీలకం, దూకిన మెట్లు దీన్ని తికమక పెట్టకపోవడానికి కారణం కూడా అదే.

ఆచరణలో మొదటి అడ్డంకి వేగం. ప్రతి శీర్షికా తన బిడ్డల కోసం పత్రమంతా గాలిస్తే, వెయ్యి శీర్షికలున్న పత్రంలో పోలికలు లక్షల్లోకి పోతాయి. ఒరాకిల్ సంస్థలో పనిచేసిన స్టీవ్ మ్యూంచ్ పేరుమీద ప్రసిద్ధమైన పద్ధతి దీనికి విరుగుడైంది. పుస్తకం చివరి పదసూచి లాగా, ఏ విలువకు ఏ కొమ్మలు చెందుతాయో ముందే పట్టీ కట్టుకొనే ‘కీ’ అనే ఏర్పాటును వర్గీకరణకు వాడటం అందులోని యుక్తి. సూచిక విషయంలో ఒక్కో మెట్టుకు ఒక్కో కీ రాసేవారు: హెచ్2కు వెనకనున్న దగ్గరి హెచ్1, హెచ్3కు వెనకనున్న హెచ్1, హెచ్2లలో దగ్గరిది, ఇలా హెచ్6 దాకా. ఒకే వాక్యాన్ని కొంచెం కొంచెం మారుస్తూ ఐదుసార్లు రాయడం చూడటానికి మోటుగా ఉన్నా, ఎక్కడ మెట్టు తప్పినా ఆ పట్టీ తడబడదు.

మైకేల్ కే సంపాదకత్వంలో 2007 జనవరి 23న వచ్చిన ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ 2.0 వర్గీకరణను భాషలోనే చేర్చింది. అందులోని ఒక నిర్మాణం వరసను, ఫలానా రకం కొమ్మ ఎదురైన ప్రతిచోటా తెంపి గుంపులు చేస్తుంది. హెచ్1 దగ్గర తెంపి, వచ్చిన ప్రతి గుంపులోని తోకను మళ్లీ హెచ్2 దగ్గర తెంపుతూ, ఇలా తనను తానే పిలుచుకునే ఒక చిన్న ఫంక్షన్‌తో సూచిక పూర్తవుతుంది. మెళకువంతా మొదటి గుంపు దగ్గరే ఉంది: హెచ్1కు ముందే వచ్చిన శీర్షికలున్న గుంపు హెచ్1తో మొదలుకాదు. దాని తల నిజంగా హెచ్1 అవునో కాదో చూసుకోకుండా రాసినవాడి సూచికలో ‘మనవి మాటలు’ వంటి ముందు శీర్షికలు మాయమవుతాయి, లేదా వాటిలో మొదటిది అధ్యాయం వేషం వేస్తుంది. తల హెచ్1 కాకపోతే ఏమీ రాయకుండా గుంపు మొత్తాన్ని తరవాతి మెట్టుకు అప్పగించడమే సరైన దారి. అలా చేసినప్పుడు వచ్చే చెట్టు, ‘నీ తల్లి ఎవరు’ అన్న పద్ధతిలో వచ్చే చెట్టు ఒకటే. అంకెల జోలికి పోకుండా గుంపులో మొదటి శీర్షిక హోదా దగ్గరే తెంపుదామనుకున్నవారికి 1, 4, 3 వంటి వరసలో 3 వెళ్లి 4 కింద చేరుతుంది, పెద్దది చిన్నదాని ఒడిలో కూర్చుంటుంది.

లేని మెట్టును ఖాళీగా చూపాలా, మూసేయాలా అన్న పాత ప్రశ్నకు జవాబు తర్కం నుంచి కాక సరుకు చేరవలసిన చోటు నుంచి వచ్చింది. 2011లో వెలువడిన ఈపబ్ 3 ప్రమాణంలో ఎలక్ట్రానిక్ పుస్తకపు సూచిక ఒకదానిలో ఒకటి ఒదిగిన జాబితాగా ఉండాలి, జాబితాలోని ప్రతి అంశానికీ లింకో పేరో తప్పక ఉండాలి. పేరులేని మెట్టుకు అక్కడ చోటు లేదు. తెర మీది పాఠాన్ని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌తో చదివే అంధ పాఠకులకూ, శీర్షిక నుంచి శీర్షికకు దూకుతూ పోయేటప్పుడు ఖాళీ మెట్టు ఉత్త అడ్డంకే. 2003 డిసెంబరు నుంచి ఉన్న తెలుగు వికీపీడియా వెనకనున్న మీడియావికీ అనే సాఫ్ట్‌వేర్ కూడా మూసేసే పద్ధతినే పాటిస్తుంది. రచయిత రెండు మెట్లు దూకినా ‘విషయ సూచిక’ పెట్టెలో ఒక్క మెట్టే దిగుతుంది. ఈ విషయంలో విట్‌గెన్‌స్టైన్ సున్నా ఓడిపోయింది, లాటెక్‌లో తప్ప.

బెర్నర్స్-లీ 1991లో కోరిన పెట్టె చివరికి రాకపోలేదు. 2002 నుంచి ముసాయిదాలుగా నడిచిన ఎక్స్‌హెచ్‌టీఎంఎల్ 2.0 దాన్ని అచ్చం అలాగే, అంకె లేని శీర్షికతో సహా తెచ్చింది. 2009లో ఆ ప్రయత్నాన్నే ఆపేశారు. హెచ్‌టీఎంఎల్ 5 సెక్షన్ ట్యాగును తీసుకొని, ఎంత లోతు పెట్టెలో ఉన్న హెచ్1కు అంత తక్కువ హోదా ఇచ్చే గణన పద్ధతిని నిర్దేశంలో రాసింది. నిర్దేశం 2014లో ఆమోదం పొందినా, ఆ గణనను ఏ బ్రౌజరూ పూర్తిగా అమలుచేయలేదు; దాన్ని నమ్మి పుటంతా హెచ్1లతో నింపినవారి శీర్షికలు విని చదివే పాఠకులకు అన్నీ ఒకే హోదాలో వినిపించాయి. 2022లో ఆ గణనను నిర్దేశం నుంచి తీసేశారు. సెక్షన్ పెట్టె మిగిలింది, హోదా చెప్పే పని మళ్లీ ఒకటి నుంచి ఆరు వరకున్న అంకెలకే దక్కింది.